అమీర్‌పేటలో నేను చేరిన కోర్సు

2009లో మా నాన్న పుల్లలచెరువులో కందులు అమ్మిన డబ్బు నా చేతిలో పెట్టి, "ఏది నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందో అది నేర్చుకోరా" అన్నారు.

అమీర్‌పేటలో ఒక బోర్డు మీద జావాస్క్రిప్ట్, పక్క బోర్డు మీద ఫ్లాష్, యాక్షన్‌స్క్రిప్ట్. ఫ్లాష్‌లో బొమ్మలు కదిలేవి, పాటలు వచ్చేవి. అందులోనే చేరాను. పైగా అడోబ్ సీఈవో శంతను నారాయణ్ మన హైదరాబాద్ వారే కదా అని ధీమా. మీరు నవ్వినా ఫర్వాలేదు!

2010 ఏప్రిల్‌లో స్టీవ్ జాబ్స్ ఐఫోన్‌లో ఫ్లాష్‌కు చోటెందుకు లేదో బహిరంగ లేఖ రాశారు. మేం పట్టించుకోలేదు. మా ఊళ్లో ఐఫోన్ ఎవరి దగ్గరుంది? మరుసటి ఏడాది మొబైల్ బ్రౌజర్లకు ఫ్లాష్ తయారీని అడోబే ఆపేసింది. 2020 డిసెంబర్ 31తో మొత్తం ముగిసింది. 1995లో పది రోజుల్లో తొలి రూపం పోసుకున్న జావాస్క్రిప్ట్ మాత్రం నిలిచింది. దాని ప్రమాణం 1997 నుంచి ఎక్మా సంస్థ దగ్గర ఉంది. ఒక్క కంపెనీ అనుకుంటే ఆగిపోయేది కాదు.

ఆ చదువు వృథా అనను. లూపులు, ఫంక్షన్లు, తప్పు వెతుక్కోవడం అక్కడే వచ్చాయి. రెండు భాషలకూ ఆధారం ఒకే ప్రమాణం కాబట్టి మూడు నెలల్లో మారగలిగాను. ఆ రెండో ఫీజు కూడా నాన్నే కట్టారు. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

ఇప్పుడు ఏడో తరగతి చదివే మా అమ్మాయి "ఏ లాంగ్వేజ్ నేర్చుకోను నాన్నా?" అంటోంది. మీ ఇంట్లోనూ ఈ ప్రశ్న వచ్చే ఉంటుంది. మొన్న ఒక కోచింగ్ సెంటర్‌లో ఫీజు అడగకముందే, "ఈ భాష ఎవరి చేతిలో ఉందండీ? రేపు వాళ్లు ఆపేస్తే మా పిల్లకి ఏం మిగులుతుంది?" అని అడిగాను.

కౌంటర్‌లో ఆయన బ్రోషర్ తిరగేయడం మొదలుపెట్టారు.