పదకొండు మోతీల లడీ

మా అబ్బా పత్థర్‌గట్టీలో మోతీలు గుచ్చేవాడు. దుకాణం ఆయనది కాదు, పని మాత్రమే ఆయనది. తెల్లగుడ్డ పరిచి, జల్లెడ పట్టి సైజుల వారీగా వేరుచేసిన మోతీలు ఏరుకుని రేషమ్ దారానికి ఎక్కించేవాడు. చిన్నవి రెండు చివర్లకు, అన్నిటికన్నా పెద్దది సరిగ్గా బీచ్‌లోకి. ఏ కొస నుంచి చూసినా వరస ఒకటే.

నేను ఇంటర్ దాకా ఉర్దూ మీడియం. డిగ్రీలో తెలుగు తీసుకున్నాను. మొదటిరోజు ఆదత్ కొద్దీ నోట్‌బుక్ చివరి పేజీ తెరిచి పేరు రాసుకున్నాను. వెనక బెంచీలో నవ్వులు. 'ఉల్టా' అని పేరు పడింది, మూడేళ్లూ పోలేదు. ఆ క్లాసులోనే పావులూరి మల్లన గురించి విన్నాను. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని 11వ శతాబ్దంలో తెలుగు పద్యాల్లోకి తెచ్చిన కవి. జైనుడి హిసాబ్‌ను శైవుడు తెలుగు చేశాడన్నమాట.

చాలా ఏళ్లకు, పేపర్లో పనిచేస్తూ, ఆ మహావీరుడి గురించి చదువుతుంటే ఒక అదద్ దొరికింది. ఒకటితో మొదలై ఆరు దాకా ఎక్కి, అదే వరసలో దిగేది అంటాడాయన. 12345654321. మనసులో ముందు ఉర్దూలోనే చదువుకున్నాను: బారహ్ అరబ్, చౌంతీస్ కరోడ్, ఛప్పన్ లాఖ్... ఇలా రెండువైపులా ఒకేలా కనిపించే గుణకార ఫలితాలను ఆయన మెడలో హారాలతో పోల్చాడు.

111111ను దానితోనే జర్బ్ ఇస్తే ఇది వస్తుంది. కాగితం మీద చేసి చూడండి. ఆరు వరసలూ ఒక్కో స్థానం జరుగుతాయి. నిలువునా కూడితే ఒకటి, రెండు, మూడు, నడుమ ఆరు, మళ్లీ దిగుడు. హాసిల్ పెట్టుకునే పనే లేదు. అంటే ఇది మురబ్బా (ఉసిరికాయది కాదు, మా స్కూల్లో వర్గానికి అదే మాట). అంకెలు కూడితే 36, అదీ మురబ్బాయే. 111111ను విడగొడితే 3, 7, 11, 13, 37. అన్నీ మఫ్రద్ అదద్‌లే, అంటే ప్రధాన సంఖ్యలు. మన హారంలో ఒక్కొక్కటీ రెండేసి సార్లు ఉంటుంది. అందుకే దీన్ని శేషం లేకుండా భాగించే సంఖ్యలు 243 ఉన్నాయి.

ఆ రాత్రి అబ్బాకు చూపించాను. ఆయనకు తెలుగు రాదు. పేపర్లో నా పేరు ఎక్కడుందో నేను వేలుపెట్టి చూపిస్తేనే తెలిసేది. ఉర్దూలోనూ అంకెలు ఎడమ నుంచే రాస్తాం కానీ, ఆయన కుడి కొస నుంచి ఒక్కో అంకె మీదా వేలు జరుపుకుంటూ వచ్చాడు. నేను ఆపలేదు.

"ఏ తో లడీ హై, బేటా" అన్నాడు.

తొమ్మిది ఒకట్ల దాకా ఈ లడీ నిలుస్తుంది: 12345678987654321. పది ఒకట్లు పెడితే నడుమ కూడిక పదికి చేరుతుంది, హాసిల్ పక్కకు పోతుంది. అదీ చేసి చూపించాను: 1234567900987654321.

అబ్బా కళ్లద్దాలు సర్దుకున్నాడు. సున్నాల దగ్గర వేలు ఆగింది.

"బీచ్ మే సే దో మోతీ గిర్ గయే" అంటూ, ఎన్నేళ్ల ఆదతో, ఒళ్లో తడుముకున్నాడు.