తొక్కు నాది, పోపు నీది

రాండ్రి, కుంపటి దగ్గరికి జరిగి కూసోండ్రి. పుష్యమాసం చలి మా కొత్తకోటల పొద్దుగూకంగనే మొదలైతది. బెంగుళూరు రోడ్డు మీద లారీల చప్పుడు ఎట్లాగూ ఆగదు, మా ఇంట్ల రోలు చప్పుడు మాత్రం ఇయ్యాల్నే ఆగింది. చింతతొక్కు రెండో దంపు అయిపోయింది. చేతులకు ఇంకా పసుపు వాసన పోలేదు. జాడీకి వాసెన కట్టకముందే మీతోని నాలుగు మాటలు మాట్లాడాలె.

ఈ తొక్కుకు పదును చూసుకోవాలె. కాయ నిండుగ కండ పట్టాలె, లోపలి గింజ గట్టిపడొద్దు. కడిగి, నీడకు ఆరబెట్టి, తడి లేకుంట తుడిచి, పసుపు వేసి కచ్చాపచ్చాగ దంచుతా. కిలో కాయకు నేను పావుకిలో దొడ్డుప్పు పోస్తా. మూడు దినాలు జాడీల ఊరుతది. ఉప్పుకు కాయల నీరంతా బయటికొచ్చి ముద్ద మెత్తబడుతది, అప్పుడు ఈనెలు, గింజలు ఏరుడు సులువు. ఏరినంక మళ్లొకసారి దంచితే పని అయిపోయినట్టే. సిల్వరు గిన్నెల మాత్రం పెట్టొద్దు, పులుపు దాన్ని తినేస్తది. జాడీనో, గాజుసీసానో కావాలె. ఉప్పూ పులుపూ కలిసి కాపు కాస్తయి, తడి చెంచా తగలకుంటే ఏడాది దాటినా చెడిపోదు.

ఇగ ఇక్కడున్నది అసలు సంగతి. చింతతొక్కుల నూనె ఉండదు, కారం ఉండదు. తినే దినం జాడీల నుంచి ఇంత ముద్ద తీసి, పచ్చిమిరపకాయలో ఎండుమిరపకాయలో నూరి, పోపు వేసుకుంటం. అంటే నేను ఎవరికన్న సీసా నింపి ఇస్తే, సగం వంటనే ఇచ్చినట్టు. మిగిలిన సగం తీసుకున్నోళ్ల చేతిలున్నది. ఇంత మంచి కానుక నాకు వేరే కనబడలే.

నల్లగొండ వదిన నాకు చుట్టం కాదు. ఒక పెండ్లిల బంతిల పక్కపక్కన కూసున్నం. విస్తరిల వేసిన నిమ్మకాయ తొక్కు నాలికకు తగలంగనే ఇద్దరం ఒక్కసారే తలెత్తినం. చేదు దిగింది. "రసం తక్కువైంది వదినా" అన్నది ఆమె. "ముక్క ఊరకముందే కారం కలిపిన్రు" అన్న నేను. పాయసం వచ్చేదాక అదే ముచ్చట. వాళ్లది నిమ్మతోటల సీమ, నకిరేకల్ల నిమ్మ మార్కెట్టే ఉన్నది. పది కాయలు ముక్కలు కోస్తే ఇంకో పది కాయల రసం పిండి పోస్తదట. పదిహేను దినాలకు ఉప్పుల ఊరిన ముక్కలు ఒక సీసాల వచ్చినయి. కారం లేదు, పోపు లేదు. "మీ ఇంటి పోపు వేసుకో" అని చీటీ రాసింది. అప్పటి నుంచి మా ఇద్దరి మధ్య అదే ఒప్పందం. ఆమె నిమ్మకాయ పంపుతది, నేను చింతతొక్కు పంపుత.

ఒక ఏడు నేనే నల్లగొండకు పోయిన. అన్నంల ఏదో తొక్కు వేసింది. నాలుగు ముద్దలు తిని, "ఇది ఎవరి చేతిది వదినా, ఇంత కమ్మగున్నది" అని అడిగిన. "నీదే గదా" అన్నది. నేను ఎల్లిగడ్డ దంచి పల్లినూనెల వేయిస్త. ఆమె ఎల్లిగడ్డ ముట్టదు, నువ్వులనూనెల ఇంగువ, మెంతులు వేసి పైనుంచి ఇంత బెల్లం తగిలిచ్చింది. నా రోట్ల దంచిన కాయను నేనే గుర్తు పట్టలే. ఆ దినం నాకైన సంతోషం ఎట్ల చెప్పాల్నో ఇప్పటికీ తెలుస్తలేదు.

ఈ ఇచ్చిపుచ్చుకునుడు మేము కొత్తగ కనిపెట్టింది కాదు. సద్దుల బతుకమ్మ నాడు చెరువుకట్ట మీద ఏం చేస్తం? నువ్వుల సద్ది, పెరుగు సద్ది, పులిహోర, సత్తుపిండి, మలీద ఒకరి చేతుల ఒకరం పెట్టుకుంటం. ఏ అక్క చేతిల ఉప్పు ఎక్కువ, ఏ అత్త నువ్వులు దోరగ వేయిస్తది, చిన్నప్పుడే అక్కడ నేర్చుకున్న. సంక్రాంతి నోములకు 13 వస్తువులు పంచుతం గదా, ఒక ఏడు మా వాడకట్టు అక్క 13 చిన్న సీసాలల్ల ఉసిరికాయ తొక్కు నింపి పంచింది. ప్లాస్టిక్ డబ్బాలు ఎన్నో వచ్చినయి పోయినయి, ఆ సీసా ఇంకా నా దగ్గరున్నది. మా ముందటి రోడ్డు పట్టుకొని బెంగుళూరు దాక పోతే కన్నడోళ్లు సంక్రాంతికి నువ్వులు, బెల్లం, పల్లీలు, పుట్నాలు, ఎండుకొబ్బరి కలిపి ఇంటింటికీ పంచుకుంటరు. ఎళ్లు బెల్ల అంటరు.

మామిడికాయ తొక్కు లెక్క వేరు. అది సగంల పంపేది కాదు. అల్లం ఎల్లిగడ్డ, కారం, మెంతిపిండి, నూనె అన్నీ నా చేతితోనే పడాలె. అందుకే వైశాఖంల కాయ కొనేటప్పుడే వదిన వాటా కలిపి కొంట. జాడీ అడుగున మిగిలింది ఊడ్చి ఇచ్చుడు నాకు ఇష్టం ఉండదు. కలిపిన మూడో దినం, నూనె పైకి తేలంగనే, ముందు ఇచ్చే సీసా నింపి ఆ తర్వాత మా జాడీకి వాసెన కడుత.

పంపుడు కూడ నేర్చుకునేదే. మొదట్ల ఒకరి పెట్టెల బట్టల నడుమ మామిడితొక్కు సీసా పెట్టిచ్చిన. మూత వదులై నూనె కారి, రెండు కొత్త చీరెలు ఆగమైనయి. ఆమె ఒక్క మాట అనలేదు, నాకే శానా దినాలు నిద్ర పట్టలే. ఇప్పుడు సీసా మెడ దాక నింప, రెండు వేళ్ల జాగ విడుస్త. మూతకింద ప్లాస్టిక్ కాగితం, మీద పాత నూలు చీరె పేలిక, దాని మీద దారం. పెట్టెల సీసా చుట్టూ పల్లికాయ పోస్త. మా వనపర్తి దిక్కు యాసంగి పల్లి ఈ దినాలల్లనే చేనుల నుంచి వస్తది. సీసా కదలదు, పగలదు, అందుకున్నోళ్లు పల్లికాయ ఉడకపెట్టుకొని తింటరు. ఆర్టీసీ 2020ల సొంత కార్గో పెట్టినంక ఇంకా సులువైంది, బస్టాండుల ఇస్తే బస్టాండుల తీసుకుంటరు.

వదిన జాడీ ఒకటి నా దగ్గరనే ఉన్నది. నిమ్మకాయ అయిపోయింది. కడిగి రెండు దినాలు ఎండబెట్టిన. ఖాళీది పంపబుద్ధి కాదు, అందుకే ఈ తొక్కుల మొదటి వాటా దాంట్లనే పోస్తున్న. రేపు పొద్దుగాల బస్టాండుకు పోవాలె. మూత బిగించకముందు ఈ చిటికెడు నాలిక మీద వేసుకోండ్రి. ఉప్పు సరిపోయిందా?