బోర్డు మీద లేని పేరు

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు, ముందు చదువు గురించి రాద్దామనుకున్నాను. కష్టపడి చదవండి, పైకి రండి అని చెప్పేవాళ్ళు మీకు చాలామందే ఉంటారు. అందుకని నేను క్రికెట్ గురించి రాస్తున్నాను. క్రికెట్ వంకతో, పన్నెండేళ్ళు మనసులో దాచుకున్న ఒక తప్పు గురించి కూడా.

మాది రేపల్లె అవతల పల్లెటూరు. 2007లో డిగ్రీ చదవడానికి తెనాలి వచ్చి కాలేజీ హాస్టల్లో చేరాను. ట్రంకు పెట్టె, కంచం, గ్లాసు, దుప్పటి - ఇదే నా సామాను. మా హాస్టల్లో ఎవరినీ ఇంటి పేరుతోగానీ సొంత పేరుతోగానీ పిలిచేవాళ్ళు కాదు. అందరికీ ఊరి పేర్లే. భట్టిప్రోలు, అమర్తలూరు, చెరుకుపల్లి, నిజాంపట్నం. "ఏరా వేమూరూ, సాంబారు అయిపోయిందా?" అంటే వేమూరు సమాధానం చెప్పేవాడు. నన్ను రేపల్లె అనేవాళ్ళు.

2008 ఏప్రిల్ 18న ఐపీఎల్ మొదలైంది. మాకు అప్పుడు పరీక్షల రోజులు. రాత్రి పదింటికి టీవీ కట్టేయాలని రూలు. మ్యాచ్ అయ్యేసరికి పదకొండున్నర దాటేది. వాచ్‌మన్ బాబాయిని బతిమాలి, శబ్దం పూర్తిగా తగ్గించి, చీకట్లో బొమ్మ మాత్రమే చూసేవాళ్ళం. వ్యాఖ్యానం మేమే చెప్పుకునేవాళ్ళం. మన జట్టు డెక్కన్ ఛార్జర్స్. కెప్టెన్ మన వి.వి.ఎస్. లక్ష్మణ్.

ఆ జట్టు మమ్మల్ని ఎంత ఏడిపించిందో ఆనాటివాళ్ళకి గుర్తుంటుంది. ఏప్రిల్ 24న హైదరాబాద్‌లో సైమండ్స్ 117 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచాడు. జట్టు స్కోరు 214. ఇక గెలిచినట్లేనని మేము కంచాలు కూడా మోగించాం. రాజస్థాన్ వాళ్ళు దాన్ని కూడా కొట్టేశారు, చివరి ఓవర్లో షేన్ వార్న్ ముగించేశాడు. మూడు రోజుల తర్వాత ముంబయి మీద గిల్‌క్రిస్ట్ 47 బంతుల్లో 109 కొట్టి ఒక్క వికెట్ కూడా పడకుండా గెలిపించాడు. అవతలి ఎండ్‌లో నిలబడినవాడు లక్ష్మణే. అలాంటి సంతోషం ఆ ఏడాది రెండుసార్లే దక్కింది. 14 మ్యాచ్‌ల్లో 12 ఓడిపోయి అట్టడుగున నిలిచారు. హైదరాబాద్‌లో ఆడినవి అన్నీ ఓడిపోయారు.

జట్టు ఓడిపోతుంటే అభిమానికి మిగిలే పని ఒక్కటే, ఎవరిని తీసేయాలో చెప్పడం! మెస్సులో వరసలో నిలబడ్డ దగ్గర నుంచి పడుకునేదాకా అదే గోల. విదేశీ ఆటగాళ్ళు పదకొండు మందిలో నలుగురికి మించకూడదు. మనకేమో గిల్‌క్రిస్ట్, సైమండ్స్, గిబ్స్, అఫ్రిది, స్టైరిస్, వాస్ ఉన్నారు. ఏ నలుగురు? రోజుకొక జాబితా. నోటు పుస్తకాల వెనక అట్టలన్నీ ఆ పేర్లతోనే నిండిపోయాయి.

అసలు తగువు మాత్రం లక్ష్మణ్ దగ్గరే. అమర్తలూరు ఒకటే పాట: "ఇరవై ఓవర్ల ఆటకి ఆయన పనికిరాడ్రా. ఆయన గొప్ప టెస్టుల్లో." భట్టిప్రోలు ఊరుకునేవాడు కాదు. పేపరు కత్తిరింపు ఒకటి వాడి దగ్గర ఉండేది. వేలానికి ముందు లక్ష్మణ్‌ని ఐకాన్ ఆటగాడిగా పెట్టాలనుకున్నారు. ఐకాన్ అంటే ఆ జట్టులో అందరికన్నా ఎక్కువ తీసుకునే ఆటగాడి కంటే పదిహేను శాతం ఎక్కువ ఇవ్వాలి. లక్ష్మణ్ వద్దన్నాడు. ఆ డబ్బుతో మంచి ఆటగాళ్ళని కొనుక్కోండి అన్నాడు. సైమండ్స్ ధర 13,50,000 డాలర్లయితే కెప్టెన్ ధర 3,75,000. "తన కంచంలోది తీసి పక్కవాడికి పెట్టినోణ్ణి పంక్తిలోంచి లేపుతారంట్రా?" అనేవాడు భట్టిప్రోలు. నేను వాడి వైపే. గొంతు పోయేలా వాదించేవాణ్ణి. ఆ సీజన్ మధ్యలో గాయంతో లక్ష్మణ్ తప్పుకుంటే పగ్గాలు గిల్‌క్రిస్ట్‌కి వెళ్ళాయి. 2009 సీజన్‌కి గిల్‌క్రిస్ట్‌నే కెప్టెన్‌గా పెట్టారు.

ఈలోపు మాకూ ఒక జట్టు తయారైంది. దానికి కెప్టెన్ నేనే. 2009 ఫిబ్రవరిలో బాపట్లలో కొందరు యువకులు టెన్నిస్ బాల్ టోర్నమెంటు పెట్టారు. హాస్టల్లో పదిహేను మందిమి తలా ముప్పై రూపాయలు వేసుకుని ప్రవేశ రుసుము, రైలు ఖర్చులు కూడగట్టాం. ఆ పదిహేను మందిలో నిజాంపట్నం ఒకడు. మొదటి సంవత్సరం కుర్రాడు, ఎడమచేత్తో బౌలింగు వేసేవాడు. వేగం లేదుగానీ గీత గీసినట్టు ఒకేచోట వేసేవాడు. సాయంత్రం అందరికంటే ముందు వెళ్ళి పిచ్ మీద నీళ్ళు చల్లేదీ వాడే, చీకటిపడ్డాక ముళ్ళపొదల్లో బంతి వెతికేదీ వాడే. బ్యాట్లు, వికెట్లు కట్టిన గోనెసంచి వాడి మంచం కిందే ఉండేది.

టోర్నమెంటు రూలు ప్రకారం బయటి ఆటగాళ్ళని ఇద్దరి దాకా తీసుకోవచ్చు. మా క్లాసులో తెనాలి టౌను కుర్రాడు ఒకడున్నాడు. బాగా కొడతాడు, సొంత బ్యాటు ఉంది. వాణ్ణి తీసుకుంటే మాలో ఒకరు తప్పుకోవాలి. ఎవరు? రెండు రోజులు ఆలోచించాను. ఆట లెక్కలో నిజాంపట్నమే తప్పుకోవాలి. బ్యాటింగు రాదు, ఫీల్డింగులో నిదానం. ఈరోజు మళ్ళీ అడిగినా నేను ఆ మాటే చెప్తాను.

కానీ వాడికి చెప్పలేకపోయాను. పక్క గదిలోనే ఉంటాడు, ఇరవై అడుగులు నడిస్తే చాలు. ఆ ఇరవై అడుగులు నడవలేక, రాత్రి అందరూ పడుకున్నాక పదకొండు పేర్లు, ఇద్దరు అదనపు ఆటగాళ్ళ పేర్లు తెల్లకాగితం మీద రాసి, మెస్సు పక్కన నోటీసు బోర్డుకి అంటించి వచ్చి దుప్పటి కప్పుకున్నాను. పొద్దున వాడు కంచం పట్టుకుని వరసలో నిలబడి చూసుకున్నాడు. ఆ పూట టిఫిన్ తినలేదని తర్వాత తెలిసింది.

బాపట్ల వెళ్ళే రోజు మాత్రం గోనెసంచి భుజాన వేసుకుని తెనాలి స్టేషన్ దాకా వచ్చాడు. రైల్లో పెట్టి, "ఆల్ ది బెస్ట్ అన్నా" అని దిగిపోయాడు. మొదటి మ్యాచ్ గెలిచాం. టౌను కుర్రాడు బాగా ఆడాడు. రెండోది ఓడిపోయాం. తిరిగి వచ్చాక నిజాంపట్నం మళ్ళీ గ్రౌండుకి రాలేదు. పరీక్షలకి చదువుకుంటున్నాడులే అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఏప్రిల్‌లో రెండో ఐపీఎల్ మొదలైంది. ఎన్నికల కారణంగా ఆ ఏడాది దక్షిణాఫ్రికాలో పెట్టారు. డెక్కన్ ఛార్జర్స్ వరసగా నాలుగు మ్యాచ్‌లు గెలిచింది. లక్ష్మణ్ కెప్టెన్ కాదు, కొన్ని మ్యాచ్‌ల తర్వాత పదకొండు మందిలోనూ కనబడలేదు. గెలుస్తున్నారు కాబట్టి అమర్తలూరు మాటకు బలం వచ్చింది. నేను మాత్రం తగ్గలేదు. "తీస్తే తియ్యండి. అంతటివాడికి ఎదురుగా కూర్చోబెట్టి చెప్పారో లేదో!" అని ఒకరోజు రాత్రి గట్టిగా అరిచాను.

భట్టిప్రోలు నా వైపువాడే కదా. కంచం కడుక్కుంటూ వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"మరి నువ్వు నిజాంపట్నానికి చెప్పావట్రా?"

ఎవరూ మాట్లాడలేదు. కుళాయి చప్పుడు ఒక్కటే వినబడింది. నిజాంపట్నం గది తలుపు తెరిచే ఉంది. నేను అప్పుడైనా వెళ్ళి ఉండాల్సింది. వెళ్ళలేదు.

మే 24న జోహాన్నెస్‌బర్గ్‌లో ఫైనల్. సెలవులకి ఊళ్ళో ఉన్నాను. గిల్‌క్రిస్ట్ సున్నాకే అవుటయ్యాడు. గిబ్స్ 53తో నిలబడ్డాడు, చివరి ఓవర్ ఆర్.పి. సింగ్ వేశాడు, బెంగళూరు మీద 6 పరుగుల తేడాతో మన జట్టు గెలిచింది. నిరుడు అట్టడుగున ఉన్నవాళ్ళు ఈ ఏడు విజేతలు! ఊళ్ళో అరుగు మీద గంతులేశాం. అంత సంబరంలోనూ నాకు నోటీసు బోర్డు గుర్తొచ్చింది. ఆ పదకొండు మందిలో లక్ష్మణ్ లేడు. ఆ నిర్ణయాలు తప్పని ఎవరనగలరు? కప్పు చేతిలో ఉంది. నా జాబితా కూడా తప్పు కాదు. మరి నాకెందుకు బాధగా ఉంది?

దానికి జవాబు 2021లో దొరికింది. అప్పటికి డెక్కన్ ఛార్జర్స్ లేదు, 2012లోనే ఆ జట్టు కథ ముగిసింది. 2013 నుంచి హైదరాబాద్ జట్టు సన్‌రైజర్స్. 2016లో ఆ జట్టుకి కప్పు తెచ్చినవాడు డేవిడ్ వార్నర్, ఆ ఏడాది 848 పరుగులు చేశాడు. తెలుగు పాటలకి డాన్సులు వేసి మన ఇళ్ళల్లో మనిషైపోయాడు. 2021లో ఆరు మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచేసరికి మే 1న అతన్ని కెప్టెన్సీ నుంచి తప్పించి విలియమ్సన్‌కి ఇచ్చారు. మర్నాడు పదకొండు మందిలోనూ లేడు. ఆటగాళ్ళకి నీళ్ళు అందించడానికి మైదానంలోకి పరుగెత్తుకొచ్చాడు. అది చూసి నాకు తెనాలి స్టేషన్లో గోనెసంచి మోసుకొచ్చిన నిజాంపట్నం కళ్ళముందు మెదిలాడు. తనని ఎందుకు తప్పించారో ఎవరూ చెప్పలేదని వార్నర్ తర్వాత చెప్పుకున్నాడు. ఆ నవంబరులోనే ఆస్ట్రేలియా టీ20 ప్రపంచ కప్పు గెలిచింది. 289 పరుగులతో టోర్నీ ఉత్తమ ఆటగాడు వార్నరే.

మా హాస్టల్ వాట్సాప్ గ్రూపులో ఆ రోజు పెద్ద యుద్ధం. వార్నర్‌ని తీయాల్సిందే అని అమర్తలూరు, అన్యాయం అని భట్టిప్రోలు. పన్నెండేళ్ళయినా ఇద్దరూ మారలేదు! నేను ఏమీ రాయలేదు. కరోనా రెండో వేవ్ రోజులవి. ఎవరు ఎలా ఉన్నారోనని అందరం అందరికీ ఫోన్లు చేసుకుంటున్నాం. నిజాంపట్నం నంబరు సంపాదించి ఫోన్ చేశాను. క్షేమ సమాచారాలయ్యాక నీళ్ళు నములుతూ విషయం ఎత్తాను. వాడు నవ్వాడు.

"గుర్తుంది అన్నా. నా ముప్పై రూపాయలు కూడా ఇవ్వలేదు నువ్వు."

కాసేపాగి చెప్పాడు. "తీసేసినందుకు బాధ లేదన్నా. నాకంటే వాడు బాగా ఆడతాడని నాకు తెలీదా? నువ్వు ఆ కాగితం స్కాలర్‌షిప్పు లిస్టు కింద అంటించావు. ఆ లిస్టులో కూడా నా పేరు రాలేదు. సర్టిఫికెట్టేదో తక్కువైందంట. పొద్దున్నే కంచం పట్టుకుని రెండు లిస్టులు చూశాను. రెండింట్లో లేను. పైది ఎవరో తెలియనివాళ్ళు రాసింది. కిందది నువ్వు రాసింది."

నాకు మాట పెగల్లేదు. చాలాసేపటికి "తప్పయిపోయింది తమ్ముడూ" అన్నాను. "ఇప్పుడు చెప్పావుగా" అన్నాడు.

తమ్ముళ్ళారా, హాస్టల్ పిల్లలం మనం జాబితాల మధ్యే పెరిగాం. సీటు వచ్చిందో లేదో జాబితా, స్కాలర్‌షిప్పు జాబితా, ఫలితాల జాబితా. బోర్డు దగ్గర వేలుపెట్టి పైనుంచి కిందికి వెతుక్కుంటున్నప్పుడు గుండె ఎలా కొట్టుకుంటుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? అది తెలిసి కూడా, నా చేతికి జాబితా వచ్చిన రోజున నేనూ కాగితం అంటించి వెళ్ళిపోయాను.

ఇప్పుడు నేను బడిపంతుల్ని. ఏటా మండల స్థాయి ఆటలకి కబడ్డీ జట్టుని ఎంపిక చేస్తాను. జట్టులో పేరు ఉన్నవాళ్ళకి తర్వాత చెప్తాను. పేరు లేని పిల్లలని ఒక్కొక్కరిని ముందురోజు సాయంత్రం పక్కకి పిలిచి, ఎందుకు తీసుకోలేదో, ఏం నేర్చుకుంటే వచ్చే ఏడు తీసుకుంటానో చెప్తాను. కొందరు ఏడుస్తారు. కొందరు నాతో వాదిస్తారు. వాదించనిస్తాను. కాగితం మర్నాడు అంటిస్తాను.

మీలో చాలామంది రేపు ఆఫీసర్లవుతారు, జాబితాలు మీ చేతుల్లోకి వస్తాయి. అందరినీ తీసుకోవడం ఎవరివల్లా కాదు. పదకొండు మందే ఆడాలి. కానీ ఆ ఇరవై అడుగులు నడవండి.

నిజాంపట్నానికి ముప్పై రూపాయలు ఫోన్‌పేలో పంపాను. "వడ్డీ ఏదన్నా?" అని మెసేజ్ పెట్టాడు. వార్షికోత్సవానికి వస్తున్నాడట. ఆ రోజు పాత విద్యార్థుల మ్యాచ్ ఉంటే మొదటి ఓవర్ వాడితో వేయించమని నిర్వాహక తమ్ముళ్ళకి నా మనవి.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

- మీ రేపల్లె అన్న