పాత ఊరి గడప

కర్నూలులో ఆత్మకూరు బస్సెక్కి నందికొట్కూరు మీదుగా జూపాడు బంగ్లా చేరేసరికి పొద్దున తొమ్మిదయింది. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. ఈ మండలం పేరు చెప్పగానే రాయలసీమవాళ్లకు పోతిరెడ్డిపాడు గుర్తొస్తుంది. శ్రీశైలం జలాశయం నీళ్లు కాలువలోకి మళ్లేది అక్కడే. 44,000 క్యూసెక్కులకు పెంచిన ఆ తూముల గురించి రెండు తెలుగు రాష్ట్రాలూ ఇంకా వాదులాడుకుంటూనే ఉన్నాయి. నాకు మాత్రం ఆ నీళ్ల కింద ఊరు పోగొట్టుకున్నవాళ్లతో పని.

ముంపువాళ్ల కాలనీకి ఆశా కార్యకర్త దారి చూపించింది. ఒక ఇంటి ముందు ఆగి, "అవ్వా, సారు వచ్చినాడు" అని కేకేసింది. సిమెంటు గోడలు, రేకుల వసారా. వాకిలికి మాత్రం మందపాటి టేకు గడప. కొలత కుదరక అటూ ఇటూ సిమెంటు పూడ్చారు. ఏళ్ల తరబడి పసుపు రాసి రాసి కొయ్య రంగే మారిపోయింది. నడుమ కాళ్ల రాపిడికి చిన్న గుంట పడింది.

"ఆ గుంత ఈడ పడింది కాదు నాయనా" అంది అవ్వ, నా చూపు కనిపెట్టి. "మా అత్త తొక్కె, నేను తొక్కితి. మిద్దె కూలగొడతాంటే ఇదొకటి ఊడబీక్కొని వచ్చినాం."

1981 జూన్‌లో జరిగిన సంగతి అది. జలాశయం నింపడానికి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు ఖాళీ చేయించారు. లక్ష మంది దాకా చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. పరిహారం కాగితాల్లో ఎకరాలున్నాయి, మిద్దెలున్నాయి, చెట్లున్నాయి. నిద్ర పడుతోందా, అన్నం సహిస్తోందా అని మాత్రం ఎవరూ రాసుకోలేదు.

అక్టోబరు 2, 2009న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచేశాయి. శ్రీశైలంలో పూర్తి నీటిమట్టం 885 అడుగులైతే ఆ వరదకు 896 దాటింది. వెనకజలాలు ఒడ్డు ఊళ్ల మీదికొచ్చాయి. ఈ కాలనీలోకి నీళ్లు రాలేదు, వస్తాయన్న కబురు వచ్చింది. అవ్వకు ఆ కబురే చాలింది. రెండు రాత్రులు ట్రంకుపెట్టె మంచం మీద పెట్టుకుని, పక్కన కూర్చునే తెల్లవారజేసిందట. నేటికీ రాత్రి పూట వాన గట్టిగా పడితే పెట్టె మంచమెక్కుతుంది.

"డిప్రెషన్ ఉందా అంటే ఎవరూ ఉందనరు సార్" అంది ఆశా కార్యకర్త. "మనేదగా ఉందా అంటే కండ్లనీళ్లు పెట్టుకుంటారు."

ఆ ఒక్క మాటతో నాకు ఎన్నో సంగతులు అర్థమయ్యాయి. ఒడిశా పెనుతుపాను, గుజరాత్ భూకంపం, 2004 సునామీ తర్వాత బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు ఊరివాళ్లకే తర్ఫీదు ఇచ్చింది ఇందుకే. బాధను బయటికి చెప్పుకోనివ్వడం, అడ్డు తగలకుండా వినడం, తోడు కల్పించడం, మనసును ఒక పని మీదికి మళ్లించడం, నమ్మకం ఉన్నవాళ్లను దేవుడి దగ్గరికి పోనివ్వడం. వాళ్లు నేర్పినవి ఇలాంటివి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లోనే ఈ రకం సాయానికి మార్గదర్శకాలు వెలువరించింది. 2022 నుంచి 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. వారాల తరబడి నిద్ర లేనివాళ్లకు, చచ్చిపోదామన్న ఆలోచన వస్తున్నవాళ్లకు ఓదార్పు చాలదు, వైద్యం కావాలి. ఆ సంగతి గుర్తుపట్టాలన్నా ముందు గడప దగ్గర కూర్చుని వినే మనిషి ఉండాలి. విపత్తు జరిగిన నెలలో వచ్చి వెళ్లిపోయే బృందాలకు ఈ ట్రంకుపెట్టె ఎన్నటికీ కనపడదు. అందుకే ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీలకు ఈ తర్ఫీదు ఏటేటా ఇవ్వాలని గట్టిగా అంటాను.

ముంపు జనం తమకు తాము చేసుకున్న వైద్యం ఒకటుంది. ఇక్కడికి దగ్గర్లోనే, కొత్తపల్లె మండలంలో సంగమేశ్వరం గుడి ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్లలోనే ఉంటుంది. జలాశయం మట్టం 840 అడుగుల దరిదాపులకు దిగితే బయటపడుతుంది. వేపదారు శివలింగానికి మొక్కడానికి వెళ్లినప్పుడు చెల్లాచెదరైన పాత ఊళ్లవాళ్లు ఒకరికొకరు ఎదురవుతారు. ఎవరి ఇల్లు ఎక్కడుండేదో వేలెత్తి చూపుకుంటారు, ఏడుస్తారు, సద్దిమూటలు విప్పుకుని అక్కడే తింటారు.

బయల్దేరదామని లేచాను. అవ్వ ఆశా కార్యకర్తను ఆపింది.

"డ్యాములో నీళ్లు ఎంతకొచ్చినాయంట మ్మే?"

ఆమె ఫోన్ చూసి చెప్పింది. అవ్వ వేళ్ల మీద లెక్కేసుకుంది.

"ఇంగా తొమ్మిదడుగులు దిగితే మా రచ్చకట్ట తేల్తాది."

గడప మీదికి దిగి కూర్చుని, నన్నూ కూర్చోమంది.