ఎనిమిది, అయిదు

వెల్దుర్తి యను పేరుగల యూళ్లు తెలుగునేలపై ఒకటికంటె నెక్కువ కలవు. కర్నూలు ప్రక్క నొకటి, మెదకు ప్రక్క నొకటి, పల్నాటిసీమలో మాచర్లకు సమీపమున నొకటి. ఈ మూడవది మాది. దూరమునుండి మాకు జాబు వ్రాయువారు పల్నాడని చేర్చుట మఱచినచో, ఆ జాబు కర్నూలు ఎండలో కొన్నాళ్లు తిరిగి, అచ్చటి తపాలా ముద్రలు వేయించుకొని, తీరికగా మా యింటికి చేరెడిది. పేరొక్కటే చాలదను సంగతి మా యూరివారికి పుస్తకము విప్పకయే తెలియును.

భూగోళ శాస్త్రజ్ఞులు ఈ చిక్కును రెండు సంఖ్యలతో తీర్చిరి. మా యూరు ఉత్తర అక్షాంశము 16 డిగ్రీలు దాటినచోట, తూర్పు రేఖాంశము 79 డిగ్రీలు దాటినచోట నున్నది. డిగ్రీల వెంట భిన్నములను గూడ చేర్చి చెప్పినచో, ఎవ్వరిని అడుగకయే మా రచ్చబండ చెంతకు వచ్చి నిలువవచ్చును. పదునాఱు మాత్రమే చెప్పినచో భూమిని చుట్టివచ్చు వలయ మంతయు మిగులును. డెబ్బదితొమ్మిది మాత్రమే చెప్పినచో ఉత్తర ధ్రువము మొదలు దక్షిణ ధ్రువము వఱకు గల గీత యంతయు మిగులును. రెండును కూడినప్పుడే ఊరు దొరకును.

రెండును కూడిన మాత్రమున చాలునా? ఆ సంఖ్యలనే తారుమారు చేసి చూడుడు. ఉత్తర అక్షాంశము 79, తూర్పు రేఖాంశము 16 అనినచో మనము చేరునది నార్వే దేశమునకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులలోని స్పిట్స్‌బెర్గెన్. అచ్చట నీడనిచ్చు చెట్టు లేదు. చలికాలమున నెలల తరబడి సూర్యుడు కనబడడు. నేల యెక్కువ భాగము మంచుపలకల క్రింద నుండును. మన దేశము 2008వ సంవత్సరమున ఆ ద్వీపముననే హిమాద్రి యను పరిశోధన కేంద్రమును నెలకొల్పినది. మన శాస్త్రజ్ఞులు అచ్చటికి పోయి హిమానీనదములను, వాతావరణమును పరిశీలించుచున్నారు. వారు తెలిసి పోయినవారు. సంఖ్యలు తారుమారైనందున వెల్దుర్తికని బయలుదేరి ఆ మంచులో దిగినవాని గతి వేఱు.

ఇట్లు ఏది ముందు, ఏది వెనుక యని ముందే నిర్ణయించుకొని వ్రాసిన జంటను గణితమున క్రమయుగ్మ మందురు. రెండు సంఖ్యలను కామాతో వేఱుచేసి చిన్న కుండలీకరణములలో నుంచుట దాని వేషము.

సాయంకాలములందు మా యింటి అరుగుమీద ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు లెక్కలు చెప్పుట నాకు చిరకాలపు అలవాటు. రెండు అవ్యక్తములు గల సమీకరణము వచ్చినప్పుడెల్ల ఎవరో యొకరు తప్పక అడుగుదురు: "మామా, దీని జవాబు ఎంత?" ఆ "ఎంత" అను ప్రశ్నయే ఇక్కడ పనికిరాదు. ఒక్క అవ్యక్తమున్నచోట జవాబు ఒక సంఖ్య. రెండున్నచోట జవాబు ఒక జంట. అంతేకాదు, అట్టి జంట ఒక్కటితో సరిపోదు. రెండు బుట్టలలో కలిపి 13 కాయలు కలవనినచో, మొదటి బుట్టలో ఒక్కటియు లేక రెండవదానిలో 13 ఉండవచ్చును. ఒకటి, 12 ఉండవచ్చును. రెండు, 11 ఉండవచ్చును. ఇట్లు (0, 13) మొదలుకొని (13, 0) వఱకు 14 జంటలు కలవు. ఇవియన్నియు నిజమైన జవాబులే. ఒకటి గొప్పది, ఒకటి తక్కువది యని లేదు. కాయను కోసి ముక్కలు చేయుట కొప్పుకొన్నచో జంటలకు అంతమే లేదు. పిల్లలకు ఇది మొదట రుచింపదు. పరీక్షలో జవాబు ఒక్కటే యుండవలెనని వారి కోరిక.

ఈ జంటలో వరుసకు గల విలువ మా వీధిలోని యొక యిల్లాలికి తెలిసినంతగా నాకు తెలిసిన పండితులకు గూడ తెలియదు. ఆమె నాకు వరుసకు అత్త. భర్త పోయిన పిమ్మట రెండెకరములు కౌలునకు తీసికొని మిరప వేయుచుండెను. కొన్నేండ్ల క్రిందట ఒక మాఘమాసమున కాయ కోయించి, కల్లములో ఎండబెట్టి, ఎఱ్ఱకాయను తాలుకాయను వేఱుచేసి టిక్కీలకు నింపించెను. ఎండకో తెగులునకో రంగు చెడి తెల్లబాఱిన కాయను తాలు అందురు. ఎఱ్ఱకాయకు పలుకు ధర దానికి పలుకదు. ఆమె సరకు మొత్తము 13 టిక్కీలు. అందు ఎఱ్ఱకాయ 8, తాలు 5. లారీతో పంపిన చీటీపై ఆమె కుమారుడు "8, 5" అని మాత్రము వ్రాసెను. వాని మనస్సులో ఎఱ్ఱకాయ ముందు. గుంటూరిలో సరకు దిగిన కొట్టు గుమాస్తా పుస్తకమున తాలు గడి ముందు. అతడు చీటీలోని యంకెలను వరుస తప్పక తన గడులలోనికి ఎక్కించుకొనెను. అమ్మకపు పట్టీ చేతికి వచ్చునప్పటికి ఎఱ్ఱకాయ 5, తాలు 8 అయ్యెను. మూడు టిక్కీల రంగు కాగితముమీద మాఱినది.

ఆ మూడు టిక్కీల తేడా పెద్ద రైతునకు లెక్కలోనిది కాకపోవచ్చును. ఆమెకు అది భూమిగలవారికి చెల్లింపవలసిన కౌలు. కుమారుని వెంటబెట్టుకొని బస్సెక్కి గుంటూరు పోయెను. గుమాస్తా పట్టీ చూచి, "అమ్మా, నీవు పంపినవి పదుమూడు. మాకు ముట్టినవి పదుమూడు. ఇంక తేడా యెక్కడిది?" అనెనట.

"మొత్తము మాట నేనడుగలేదు, నాయనా. ఎఱ్ఱకాయ టిక్కీల మూతులు నా చేతులతో కుట్టినాను. ఎనిమిదింటికి కుట్టినాను" అని ఆమె నిలబడినది నిలబడినట్లే యుండెను.

తుదకు కాటా చీటీలు తీసి చూచిరి. ఎఱ్ఱకాయ తూకములు ఎనిమిది కనబడెను. పదిదినములకు మిగిలిన సొమ్ము చేరెను. కౌలు గడువు మాత్రము ఆ పదిదినములు ఆగలేదు. ఆమె చెవుల కమ్మలు మాచర్లలో తాకట్టునకు పోయి వచ్చినవి. గుమాస్తా మోసగాడని మా వీధిలో కొందఱనిరి. నా యభిప్రాయము వేఱు. పిల్లవానికి ఒక వరుస కలదు, గుమాస్తాకు ఒక వరుస కలదు. ఎవరి వరుస వారికి సరియైనదే. ఆ యిద్దఱికిని నడుమ ఒప్పందము లేదు.

గుమాస్తా మాటలో నొక విశేషము కలదు. ఎఱ్ఱకాయ టిక్కీలను ఎ అనియు, తాలు టిక్కీలను త అనియు పిలిచినచో అతడు చూచిన సమీకరణము ఎ + త = 13. దానికి (8, 5) సరిపోవును, (5, 8) కూడ సరిపోవును. ఎ, త లను అటునిటు మార్చినను ఆ సమీకరణము రూపు మాఱదు. కావున అది తారుమారును పట్టుకొనలేదు. మొత్తము సరిపోయినదని నిశ్చింతగా కూర్చుండు లెక్కదారులందఱును గుర్తింపవలసిన విషయ మిది.

తారుమారును పట్టించు లెక్క యొకటి వేయేండ్లకు పూర్వమే మన దేశమున పుట్టినది. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున, 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమను సంస్కృత గ్రంథమును రచించెను. దానినే 11వ శతాబ్దిలో పావులూరి మల్లన సారసంగ్రహ గణితముగా తెలుగు పద్యములలోనికి దెచ్చెను. మహావీరుని గ్రంథమున పండ్ల బేరము ఒకటి కలదు. 9 మాదీఫలములు, 7 వెలగపండ్లు కలిపి కొన్నచో వెల 107. 7 మాదీఫలములు, 9 వెలగపండ్లు కొన్నచో వెల 101. ఒక్కొక్క పండు వెల యెంత?

మాదీఫలము వెలను మ అనియు, వెలగపండు వెలను వ అనియు అనుకొందము. 9మ + 7వ = 107. 7మ + 9వ = 101. ఈ రెంటిని కూడినచో పదునాఱు మ లు, పదునాఱు వ లు కలిసి 208; అనగా మ + వ = 13. మొదటిదానినుండి రెండవదానిని తీసివేసినచో రెండు మ లకును రెండు వ లకును గల భేదము 6. అనగా మాదీఫలము వెలగపండుకంటె 3 ఎక్కువ. మొత్తము 13, భేదము 3. జవాబు (8, 5). మా యత్త టిక్కీలకును మహావీరుని పండ్లకును ఈ పోలిక యెట్లు కుదిరెనో గాని, కుదిరినది.

ఇప్పుడు జంటను తిరుగవేసి (5, 8) అని పెట్టి చూడుడు. తొమ్మిదైదులు 45, ఏడెనిమిదులు 56, కలిసి 101. రావలసినది 107. రెండవ బేరమున ఏడైదులు 35, తొమ్మిదెనిమిదులు 72, కలిసి 107. రావలసినది 101. రెండు మొత్తములును ఒకదాని యింటికి ఒకటి పోయి కూర్చున్నవి! తప్పు జరిగినదని మాత్రమే కాక, ఏ తప్పు జరిగినదో గూడ ఈ లెక్క చెప్పుచున్నది. మహావీరుడు 9, 7 లను రెండవ బేరమున 7, 9 లుగా త్రిప్పుటలో నున్న చమత్కారమిది.

పూర్వులు వరుసతో పనిలేకుండ గూడ ఈ లెక్కలు చేసిరి. 12వ శతాబ్దిలో భాస్కరాచార్యుడు తన బీజగణితమున మొదటి అవ్యక్తమును యావత్తావత్తు అనియు, తరువాతివానిని కాలకము, నీలకము, పీతకము, లోహితకము అని రంగుల పేర్లతోను వ్యవహరించెను. కాలకము అయిదు, నీలకము ఎనిమిది యని చెప్పినచో ఏది ముందు చెప్పినను నష్టము లేదు. ప్రతి సంఖ్య తన పేరును వెంట తెచ్చుకొనుచున్నది. క్రమయుగ్మమున పేర్లు పోయినవి. పేరు చేయవలసిన పనిని స్థానము చేయుచున్నది. ఇది మనకు క్రొత్త కాదు. 85 అనియు 58 అనియు వ్రాయునప్పుడు అంకెలు అవే. ఒకదానిలో ఎనిమిది పదుల యింటనున్నది, మఱియొకదానిలో ఒకట్ల యింటనున్నది.

పాఠ్యపుస్తకములలో అవ్యక్తములను ఎక్స్, వై అందురు. ఎక్స్ విలువ ముందు, వై విలువ వెనుక. గ్రాఫు కాగితముమీద అడ్డముగా నడచు దూరము ముందు, నిలువుగా నెక్కు దూరము వెనుక. భూపటమున దీనికి ఎదురు: ఉత్తర దక్షిణములను తెలుపు అక్షాంశమే ముందు, తూర్పు పడమరలను తెలుపు రేఖాంశము వెనుక. ఒకే బడిలో ఒక గంట ఒక రీతిని, మఱుగంట వేఱొక రీతిని వ్రాయవలసి వచ్చుట నాకు వింతగనే తోచును. కాని రెండు పద్ధతులును లోకమంతట పాదుకొన్నవి. ఏ గంటలో నున్నామో ఎఱిగి వ్రాయుటకంటె చేయగలది లేదు.

1637వ సంవత్సరమున ఫ్రాన్సు దేశపు తత్త్వవేత్త డెకార్టు ప్రకటించిన జ్యామితి గ్రంథము సమీకరణములకును రేఖలకును చుట్టఱికము కలిపినది. ఆ చుట్టఱికమును చూడదలచిన పిల్లలు ఒక గ్రాఫు కాగితము తీసికొని, కలిపి 13 అగు ఆ 14 జంటలను చుక్కలుగా గుర్తింపవచ్చును. మొదట చెదరినట్లున్నను, అన్ని చుక్కలును ఎడమ పైభాగమునుండి కుడి క్రిందికి దిగు ఒక్క సరళరేఖమీద నిలుచును. పిమ్మట (0, 0) నుండి (1, 1), (2, 2) ల మీదుగా పోవు గీతను గీసి, కాగితమును ఆ గీతవెంట మడువవలెను. (8, 5) చుక్క సరిగా (5, 8) చుక్కపై పడును. (13, 0) పోయి (0, 13) పై పడును. ప్రతి జంటకును ఎదుట దాని తారుమారు కలదు. మడతమీదనే యుండి, త్రిప్పినను మాఱని జంట ఆ రేఖపై ఒక్కటే: ఆఱున్నర, ఆఱున్నర. పదుమూడు బేసిసంఖ్య గనుక అది పదునాలుగు చుక్కలలో లేదు. అర టిక్కీని లారీ కెక్కించువారును లేరు.