బండెడు సామాను, బాపమ్మ ఒక్కతి

సామాను సర్దడం ఆడవాళ్ల పని అనీ, అందులో చదువుకున్నవాడు చెయ్యి పెట్టవలసిందేమీ లేదనీ మా ఊళ్లో చాలామంది అనుకుంటారు. మన హాస్టల్లోనూ అంతే. పదడుగుల గదిలో ముగ్గురం ఉండి, చోటు చాలడం లేదని వార్డెన్ గారికి అర్జీలు పెట్టుకుంటామే తప్ప, ఉన్న చోటును టేపు పెట్టి కొలిచిన మహానుభావుడు నాకింతవరకు కనబడలేదు. నేను కొలిచాను. అయితే హాస్టల్ గదిని కాదు, మా గూడు బండిని.

విదేశాల్లో సెలవులకు ఊరూరా తిరిగేవాళ్లకు చక్రాల మీద ఇళ్లుంటాయి. వంట, పడక, బట్టల అర అన్నీ అందులోనే. 1969 జూలైలో చంద్రుని దగ్గరికి వెళ్లి వచ్చిన ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్, కాలిన్స్ ఏ సూక్ష్మజీవినైనా వెంట తెచ్చారేమోనన్న అనుమానంతో వాళ్లను మొదట ఉంచింది కూడా అలాంటిదాంట్లోనే. ఎయిర్‌స్ట్రీమ్ అనే రకం ట్రైలర్‌ను మార్చి కట్టిన ఆ గది పొడవు 35 అడుగులు. ఒక డాక్టరు, ఒక ఇంజనీరుతో కలిపి లోపల ఐదుగురు. మా బండి పొడవు 7 అడుగులు, వెడల్పు 4. ఎక్కవలసినవాళ్లు అక్కడా ఐదుగురే, ఇక్కడా ఐదుగురే. వాళ్లది చంద్రుని నుంచి తిరుగు ప్రయాణం, మాది మేడారం ప్రయాణం.

సమ్మక్క సారలమ్మ జాతర సంగతి మన మిత్రులకు చెప్పనక్కర లేదు. రెండేళ్లకోసారి మాఘ మాసంలో వస్తుంది. మొదటి రోజు కన్నెపల్లి నుంచి సారలమ్మ, రెండో రోజు చిలుకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెలకు చేరుతారు. నాలుగో రోజు వనప్రవేశం. 2024లో అది ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగింది. మా ఊరు పరకాల వైపు. అక్కడి నుంచి మేడారం 70 కిలోమీటర్ల పైమాటే. ఇప్పుడు చాలామంది బస్సుల్లోనూ, కార్లలోనూ పోతారు. మా ఇంట్లో ఎడ్లున్నన్నాళ్లూ బండి కట్టుకునే పోవాలన్నది మా బాపమ్మ పట్టుదల. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె తప్పిన జాతర లేదట.

ఆ ఏడు మాత్రం తప్పేటట్టే కనిపించింది. అంతకు ముందు వానాకాలంలో బాపమ్మ జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, కర్ర పట్టుకొని నాలుగడుగులు వేస్తోంది. కానీ గంటసేపు కూర్చుంటే నొప్పితో ముఖం మాడిపోతుంది. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది గదా, బస్సులో పంపుదామని కాక అన్నాడు. టికెట్టు లేకపోవచ్చు గానీ జాతర బస్సులో పడుకునే చోటెక్కడిది? బండిలోనైతే పడుకోబెట్టవచ్చు. కానీ ఆమె పడుకుంటే బియ్యం, గిన్నెలు, బొంతలు, కోళ్ల గంప, ఎడ్ల మేత, అమ్మ, చిన్నమ్మ, కాక పిల్లలిద్దరూ ఎక్కడ? "ఈసారి అమ్మ ఇంటికాడనే ఉంటది" అని బాపు తేల్చేశాడు. బాపమ్మ ఒక్క మాటా అనలేదు. కొంగుతో కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చుంది. ఆమె ఏమైనా అని ఉంటే నేను ఊరుకునేవాణ్ణేమో.

"బాపూ, ఒక్క దినం నాకు బండి ఇడిసిపెట్టు" అన్నాను.

మొదట కొలతలు వేశాను. బండి అడుగు 28 చదరపు అడుగులు. బాపమ్మ పడుకునే నులక మంచం పొడవు 6 అడుగులు, వెడల్పు రెండున్నర. అనగా 15 చదరపు అడుగులు పోయినట్లే. ఇంట్లోవాళ్లందరూ ఆగిపోయింది ఈ తీసివేత దగ్గరే. కానీ మంచానికి కోళ్లుంటాయి. మా మంచం ఎత్తు అడుగుంపావు. పదిహేనును అడుగుంపావుతో గుణిస్తే దాదాపు 19 ఘనపుటడుగుల చోటు మంచం కిందనే ఉంది. మంచాన్ని మంచంగానే బండిలో ఒక పక్కకు చేర్చి, కోళ్లను బండి కర్రలకు బిగించి కట్టాను. బియ్యం మూట, గిన్నెలు, బొంతలు దాని కిందికి పోయాయి. పైగా నులక సాగుతుంది కాబట్టి బండి కుదుపు సగం అదే మింగుతుంది. మిగిలిన అడుగున్నర వెడల్పు పట్టీలో అమ్మా చిన్నమ్మా ఒకరి వెనక ఒకరు కూర్చోవచ్చు. పిల్లలు బాపమ్మ కాళ్ల దగ్గర. మగవాళ్లం నడిచేవాళ్లమే.

తరువాతది బరువు. కాక చిన్నకొడుకు నిలువెత్తు బంగారం ఇస్తానని బాపమ్మ మొక్కుకుంది. మేడారంలో బంగారమంటే బెల్లమే గదా, వాడి బరువుకు సరితూగేది 16 కిలోలు. ఎడ్ల బండి మన భౌతికశాస్త్రంలోని తులాదండం లాంటిది. ఇరుసు దాని ఆధారం. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎడ్ల గొంతుకు పట్టుకుంటుంది. ముందెక్కువైతే మెడలు ఒరుసుకుపోతాయి. అందుకని బెల్లమూ బియ్యమూ సరిగ్గా ఇరుసు మీదికి వచ్చేట్లు పెట్టి, తక్కినవాటి బరువులను దూరాలతో గుణించి ముందుకూ వెనకకూ లెక్క చూశాను. బాపు నా నోటు పుస్తకం వైపు చూడనైనా చూడలేదు. కాడి కింద చెయ్యి పెట్టి ఒకసారి లేపి దించాడు. "సరిపోయింది" అన్నాడు. పరీక్షల్లో వచ్చిన మార్కులకు కూడా నేనంత సంతోషపడలేదు.

పప్పు, నూనె, చింతపండు వంటివాటికి గూడు వెదుళ్లకు రెండు ఉట్లు కట్టాను. ఇంట్లో ఉట్టి కదలదు, బండిలో ఊగుతుంది. లోలకం పొడవు నాలుగో వంతుకు తగ్గిస్తే ఊగే కాలం సగమవుతుందని ఇంటర్మీడియెట్‌లో చదివినదే. కానీ త్వరగా ఊగినా తల పగలడం పగలడమే! కాబట్టి తాళ్లు పొట్టి చేసి, ఉట్టి అడుగును కూడా గూటి కర్రకు లాగి కట్టేశాను.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది గడ్డి. బరువు తక్కువ, మేర ఎక్కువ. రెండు రోజుల మేత మాత్రమే తీసుకొని, ఆ తరువాత దారిలో కొనుక్కుందామన్నాను. దాన్ని తాళ్ల చిక్కంలో వేసి బండి కింద, ఇరుసు వెనకాల వేలాడగట్టాను. "మరి రాత్రి మేం పండేదాడనే గదరా" అన్నాడు కాక. నిజమే, రాత్రిపూట మగవాళ్లకు బండి కిందే ఇల్లు. అందుకని రాత్రి చిక్కం విప్పి ఆ గడ్డినే కింద పరుచుకొని, పొద్దున లేచి అదే ఎడ్లకు వేసే ఏర్పాటు చేశాం. రెండో తెల్లవారుజామున కాక నిద్రలో ఉండగానే ఎద్దు ఆయన తలకింద నుంచి లాగి తినడం మొదలుపెట్టింది. ఆ సంగతి మా వాడకట్టులో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఒక్క బాపమ్మ రేకు పెట్టె దగ్గర మాత్రం నా లెక్క సాగలేదు. రెండడుగుల పెట్టె. అందులో అమ్మవార్లకు చీరలు, ఒడిబియ్యం, పసుపు కుంకుమ. సంచిలో కడదామంటే ఒప్పుకోలేదు.

"నేను పట్టే జాగల నేనన్న తగ్గుత గని పెట్టె ఇడువ" అంది.

మనిషిని తగ్గించే లెక్క నాకు రాదు. పెట్టెను బండి వెనక కడ్డీకి కట్టాను. ఆమె బండి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ దాన్ని విప్పి నేల మీద పెడితే మెట్టు అయింది. తుంటి విరిగిన మనిషికి బండి అడుగు అందనంత ఎత్తు. ఆ పెట్టే లేకపోతే రోజుకు పదిసార్లు ఎత్తుకొని దించవలసి వచ్చేది.

ఫిబ్రవరి 17న బయలుదేరాం. (ఆ వారం నా హాజరు సంగతి లెక్చరర్లు చదివే ఈ సంచికలో వ్రాయను.) ములుగు దగ్గర గట్టమ్మకు మొక్కి, పస్రా మీదుగా 20వ తేదీ సాయంత్రానికి మేడారం చేరాం. మూడున్నర రోజులూ బాపమ్మ వెల్లకిలా పడుకొని గూటి సందుల్లోంచి చెట్ల కొమ్మలు చూస్తూ, ఏ ఊరు వచ్చిందో మాకంటే ముందే చెప్పింది. జంపన్న వాగులో కాళ్లు తడుపుకుంది. బెల్లం గద్దెల దగ్గర తన చేతులతోనే ఇచ్చింది.

తిరుగు ప్రయాణంలో బెల్లం లేదు, కోళ్లు లేవు, బియ్యం సగం అయిపోయింది. బట్టల మూటలన్నీ మంచం కిందికి తోసి హాయిగా కూర్చుందామని అమ్మా చిన్నమ్మా అనుకుంటుండగానే, తాడ్వాయి దాటాక ఒక ముసలమ్మ కాలు ఈడ్చుకుంటూ నడుస్తూ కనిపించింది. ఆమె వెంట కూతురు, నెత్తిన మూట. బాపమ్మ తల పైకెత్తి చూసి నన్ను పిలిచింది.

"మంచం కింద జాగైంది గదరా. ఆ మూట అండ్ల పెట్టు, ఆ అవ్వను ఎక్కియ్యి."

నేను బండి వెనకకు పోయి రేకు పెట్టె ముడి విప్పాను.