ఆ లైను ఎవరు కొట్టారు?

2021 అక్టోబర్ 4. మన దగ్గర రాత్రి తొమ్మిది దాటాక వాట్సాప్, ఇన్‌స్టా, ఫేస్‌బుక్ మూడూ ఒక్కసారే పడుకున్నాయి, గుర్తుందా? ఫోన్ రీస్టార్ట్ చేశాం, వైఫైని తిట్టుకున్నాం, చివరికి ట్విట్టర్‌లోకి పోయి జోకులేసుకున్నాం. సుమారు ఆరు గంటల పాటు అదే తంతు. ఆ తర్వాత కంపెనీయే అసలు సంగతి చెప్పింది. మెయింటెనెన్స్ పనిలో కొట్టిన ఒక కమాండ్ వాళ్ల డేటా సెంటర్లని కలిపే నెట్‌వర్క్ మొత్తాన్నీ పడగొట్టిందట. హ్యాకర్లు లేరు, కేబుల్ తెగలేదు. ఒక్క కమాండ్, అంతే.

నేను బతికేది ఆ కమాండ్ల మధ్యే. గుంటూరు వైపు ఒక పెద్ద ఆసుపత్రిలో నెట్‌వర్క్ ఇంజినీర్ని. పేరు వద్దు లెండి. ఎనభై చిల్లర స్విచ్‌లు, రెండు ఫైర్‌వాల్‌లు, ఒక ముసలి రౌటర్. స్విచ్ అంటే గోడ మీది కరెంటు స్విచ్ కాదు, లైట్లు మిణుకుమిణుకుమంటూ బోలెడు వైర్లు దూరి ఉండే పెట్టె. ఏ వైరు ల్యాబ్‌ది, ఏది బిల్లింగ్‌ది, ఏది ఎక్స్‌రేది, ఎవరు ఎవరితో మాట్లాడొచ్చు, ఇదంతా దాని లోపల కొన్ని వందల లైన్లలో రాసి ఉంటుంది. దాన్నే కాన్ఫిగరేషన్ అంటాం. పెట్టె పోతే డబ్బు పెట్టి ఇంకోటి కొనుక్కోవచ్చు. ఆ లైన్లు మాత్రం ఏ షాపులోనూ దొరకవు.

నేను చేరేనాటికి ఆ లైన్లన్నీ ఒకే చోట ఉండేవి, మా మాస్టారి తలకాయలో. సీనియర్ ఆయన, రిటైర్మెంట్‌కి దగ్గర పడ్డారు. నేను చేరిన మూడో నెలలో, ఒక ఉరుముల రాత్రి మూడో అంతస్తు స్విచ్ కాలిపోయింది. కొత్త పెట్టె స్టోర్‌లో రెడీగా ఉంది. బ్యాకప్ ఏదీ అంటే, ఎప్పటిదో ఒక పెన్‌డ్రైవ్ బయటపడింది. మాస్టారు హైదరాబాద్‌లో కూతురింట్లో ఉన్నారు. "పద్నాలుగో పోర్టు ఐసీయూ మానిటర్‌దమ్మా, పదిహేను వదిలెయ్" అంటూ ఫోన్‌లో ఒక్కొక్కటే చెప్పారు. నాలుగు గంటలు పట్టింది. అప్పటిదాకా ల్యాబ్ రిపోర్టులు చీటీల మీద రాసి మెట్లెక్కి తీసుకెళ్లారు. ఆయన జ్ఞాపకశక్తికి దండం పెట్టాలి, నిజంగా. కానీ ఆ రాత్రి ఆయన ఫోన్ సైలెంట్‌లో ఉండుంటే?

మర్నాడే ఒక పాత డెస్క్‌టాప్ అడిగి తీసుకున్నాను. మా దగ్గర లిబ్రేఎన్ఎంఎస్ అనే ఉచిత మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ అప్పటికే నడుస్తోంది. 2013లో అబ్జర్వియం నుంచి చీలి వచ్చింది ఇది. ఐదు నిమిషాలకోసారి ప్రతి స్విచ్‌నీ పలకరిస్తుంది: బతికున్నావా, వేడెక్కావా, ఏ పోర్టులో ఎంత ట్రాఫిక్? ఈ పలకరింపుల భాష పేరు ఎస్ఎన్ఎంపీ. 1988 నాటిది, అంటే నాకంటే పెద్దది. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఎస్ఎన్ఎంపీ ఉంది కదా, బ్యాకప్ కూడా అదే తీస్తుందనుకుంటారు. మామూలుగా తీయదు. అది నాడి పట్టుకుని చూసే నర్సు లాంటిది, కేస్ షీట్ కాపీ చేసిపెట్టడం దాని పని కాదు.

సిస్కో పెట్టెల్లో ఒక దారి ఉంది. ఎస్ఎన్ఎంపీ ద్వారానే "నీ కాన్ఫిగరేషన్‌ని ఫలానా టీఎఫ్‌టీపీ సర్వర్‌కి పంపు" అని ఆర్డరేయొచ్చు. నాకది నచ్చలేదు. దానికి స్విచ్ మీద రాసే హక్కు ఇవ్వాలి. పాత వెర్షన్లలో ఆ హక్కుకి తాళం ఒక్క మాట, అదీ వైరు మీద అందరికీ కనపడేలా పోతుంది. టీఎఫ్‌టీపీకైతే పాస్‌వర్డ్ అన్నదే లేదు. ఇక చాలాచోట్ల ఆ మాట ఇప్పటికీ "పబ్లిక్", "ప్రైవేట్" అనే ఉంటుంది. ఇంటి తాళం పూలకుండీ కింద పెట్టడం అన్నమాట. అందుకే నేను ఎస్ఎన్ఎంపీకి మూడో వెర్షన్ పెట్టి, చదివే హక్కు మాత్రమే ఇచ్చాను.

బ్యాకప్ పని ఆక్సిడైజ్డ్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్‌కి అప్పగించాను. స్విచ్‌ల లిస్టు లిబ్రేఎన్ఎంఎస్‌ని అడిగి తీసుకుంటుంది. గంటకోసారి ఒక్కోదాంట్లోకి ఎస్ఎస్‌హెచ్‌తో లాగిన్ అయ్యి, కాన్ఫిగరేషన్ చదివి, గిట్‌లో పెడుతుంది. కొత్త స్విచ్‌ని మానిటరింగ్‌లో చేరిస్తే చాలు, బ్యాకప్ లిస్టులోకి అదే వచ్చేస్తుంది. నాకు బాగా నచ్చింది ఇదే, మనిషి గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటి తగ్గింది.

గంట కూడా ఎక్కువే అనిపించి ఇంకో ముడి వేశాను. ఎవరైనా కాన్ఫిగరేషన్ మారిస్తే స్విచ్ తనంతట తనే ఒక కేక వేస్తుంది, దాన్ని ట్రాప్ అంటారు. ఆ కేక వినపడగానే చిన్న స్క్రిప్టు ఆక్సిడైజ్డ్‌ని తట్టి "ముందు ఈ పెట్టె సంగతి చూడు" అంటుంది. నిమిషంలో పాత లైను ఎర్రగా, కొత్త లైను పచ్చగా నా ఫోన్‌కి వస్తాయి. ఈ ఫైళ్లలో పాస్‌వర్డ్‌ల ఆనవాళ్లు కూడా ఉంటాయి. వాటిని చెరిపేసి దాచుకునే సదుపాయం ఉంది, కానీ చెరిపేస్తే రేపు అదే ఫైలుతో స్విచ్‌ని పూర్తిగా నిలబెట్టలేం. నేను చెరపలేదు. ఆ డెస్క్‌టాప్‌నే గట్టిగా తాళం వేసి పెట్టాను.

మాస్టారికి కాస్త కష్టమనిపించింది. "ఏమ్మా, నా తలకాయ మీద నమ్మకం లేదా?" అన్నారు. "తలకాయ మీద ఉంది మాస్టారూ, మీ బీపీ మీదే లేదు" అన్నాను. నవ్వారు గానీ టీ సగంలో వదిలేసి వెళ్లిపోయారు.

అసలు సంగతి నాలుగు నెలల తర్వాత జరిగింది. రాత్రి డ్యూటీకి కాంట్రాక్టు మీద ఒక కుర్రాడు ఉండేవాడు, జీతం పద్నాలుగు వేలు. ఒక రాత్రి పదకొండు దాటాక ఎక్స్‌రే ఫొటోలు డాక్టర్ల స్క్రీన్లకి రావడం ఆగిపోయింది. "అక్కా, నేనేం ముట్టుకోలేదక్కా" అన్నాడు ఫోన్‌లో, నేను అడక్కముందే. అప్పటికే నా ఫోన్‌లో డిఫ్ వచ్చి ఉంది. సర్వర్లకి వెళ్లే పోర్టులో పాత లైను: అలౌడ్ వ్లాన్ 30, 40. కొత్త లైను: అలౌడ్ వ్లాన్ 60.

సిస్కోతో పనిచేసిన వాళ్లు ఈపాటికి పళ్లు కొరుక్కుంటుంటారు. ఉన్నవాటికి 60ని కలపాలంటే మధ్యలో "యాడ్" అనే మాట కొట్టాలి. అది లేకపోతే స్విచ్ కలపదు, పాతవన్నీ తీసేసి 60 ఒక్కటే ఉంచుతుంది. మూడక్షరాల ఇంగ్లిష్ మాట. పాత లైను కుర్రాడికి చదివి చెప్పి, 60 కూడా చేర్చి కొట్టించాను. ఫొటోలు వచ్చేశాయి.

పొద్దున మీటింగ్‌లో బయటి కంపెనీ మేనేజరు, వాళ్లే మాకు కొత్త సాఫ్ట్‌వేర్ పెడుతున్నారు, చాలా తాపీగా అన్నాడు: "నైట్ షిఫ్ట్ వాడు ఏదో కెలికాడండీ. ఇలాంటి వాళ్లకి యాక్సెస్ ఇవ్వకూడదు." కుర్రాడు గోడకి ఆనుకుని నిల్చున్నాడు. మా పెద్దసారు అప్పుడే హెచ్‌ఆర్‌కి ఫోన్ తీశారు.

డిఫ్ చూస్తే ఏం మారిందో, ఎప్పుడు మారిందో తెలుస్తుంది. ఎవరు మార్చారో దాంతో తేలదు. దానికి స్విచ్ పంపే లాగ్ కావాలి. నేను నోరు తెరిచేలోపే మాస్టారు లేచారు, చేతిలో ప్రింటవుట్. రాత్రి 11 గంటల 8 నిమిషాలు, లాగిన్ ఆ కంపెనీదే, అడ్రస్ వాళ్లు రిమోట్‌లో వాడే అడ్రసే. దాని కిందే ఆ రెండు లైన్లు. "చదవండి సార్" అని మేనేజరు ముందు పెట్టారు.

క్షమాపణ ఏమీ రాలేదు. "ఓకే, లెట్స్ మూవ్ ఫార్వర్డ్" అన్నాడాయన. కుర్రాడి ఉద్యోగం మాత్రం నిలిచింది. ఆ వారమే బయటివాళ్ల లాగిన్‌లన్నీ మూసేసి, పని ఉన్నప్పుడే, మేం చూస్తుండగా తెరిచేలా పెట్టాం. కుర్రాడిప్పుడు సీసీఎన్ఏ చదువుతున్నాడు, రాత్రి డ్యూటీలోనే.

నెలకోసారి ఒక స్పేర్ పెట్టె తీసి, ఏదో ఒక బ్యాకప్ ఎక్కించి చూస్తాం, నిజంగా లేస్తుందా లేదా అని. మొదటిసారి పదకొండు నిమిషాలు పట్టింది. మాస్టారు వాచీ చూసి చెప్పారు. పొద్దున్నే రాత్రి వచ్చిన డిఫ్‌లన్నీ టీ తాగుతూ పేపరు చదివినట్టు చదువుతారాయన. నాలుగో అంతస్తులో ఇంకా రెండు చవక స్విచ్‌లున్నాయి, వెబ్ పేజీ తప్ప లోపలికి ఇంకో దారి లేనివి. ప్రతి శనివారం ఆయనే వెళ్లి, వాటి కాన్ఫిగరేషన్ చేత్తో డౌన్‌లోడ్ చేసి, తేదీ రాసిన పెన్‌డ్రైవ్ నా టేబుల్ మీద పెడతారు.